గొడుగు కింద గోపాలపూర్ ఉంటుందా? మిసైల్ రక్షణ మీద ఒక లాడ్జీవాడి సందేహం

ప్రశ్న: గోపాలపూర్ లాడ్జీవాడు

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా గోపాలపూర్. బీచి నుంచి రెండో సందులో తొమ్మిది గదుల లాడ్జి, నాన్నగారి కాలం నుంచీ ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, గెస్టులతో వచ్చీరాని బెంగాలీ. నాకు తెలియని విషయం మీద అడుగుతున్నాను, తప్పుంటే సర్దుకోండి.

మొన్న శనివారం రాత్రి వరండాలో ముగ్గురు గెస్టులు వాదనకి దిగారు. ఇద్దరిది విశాఖ, ఒకాయనది కలకత్తా. మొదట పాంఫ్రెట్ రేటు మీద మొదలై ఎలా వెళ్లిందో గానీ ‘సుదర్శన చక్ర’ దగ్గరికి వెళ్లింది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని చెప్పారు కదా, 2035 నాటికి దేశానికి కవచం అని. అదే. విశాఖాయన “అది వచ్చిందంటే ఎవడేం పంపినా పైనే ఆవిరైపోద్ది” అన్నాడు. కలకత్తాయన “అమెరికావాడి వల్లే కాలేదు, అంతా గాల్లో పోసిన డబ్బు” అన్నాడు. చివరికి నా మీద పడ్డారు. “మీ ఊళ్లోనే కదండీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, మీకు తెలియాలి” అని.

నాకేం తెలుసండీ. ఫైరింగ్ ఉన్న రోజు మా కిటికీ అద్దాలు గలగలమంటాయి. కొత్త గెస్టులు పైజమాలతోనే బయటికొస్తారు. “ఫైరింగే సార్, టీ తెప్పించనా?” అంటాను. నాకున్న యుద్ధ విజ్ఞానం అంతే.

కాని 2025 మే 7 మాక్ డ్రిల్‌లో మా ఊరి పేరు కూడా ఉంది. ఆ రోజు సైరన్ అయ్యాక మా చిన్నది, నాలుగో తరగతి, ఒక మాట అడిగింది. “నాన్నా, తుపానొస్తే షెల్టరుకి వెళ్తాం. మిసైలొస్తే ఎక్కడికి వెళ్తాం?” 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా నెత్తినే తీరం దాటింది. నాలుగు రోజుల ముందే కబురుంది, రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మందిని తరలించారు. మా మేడ మీది రేకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు, మేం మాత్రం మిగిలాం. అది డబ్బు పెట్టిన పని, ఫలితం కళ్లముందుంది. మరి ఈ మిసైల్ కవచం కూడా అలాంటిదేనా? పెట్టాల్సిన ఖర్చేనా? పిల్లకి చెప్పగలిగేలా ఎవరైనా చెప్పండి.

జవాబు: రిటైర్డ్ గన్నర్, ఛత్రపురం

లాడ్జీ బాబూ, మీ కిటికీలు మోగించిన పాపంలో నాకూ వాటా ఉంది. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో ఇరవై నాలుగేళ్లు చేసి నాయబ్ సుబేదారుగా దిగాను. సగం కాలం ఎల్-70 తుపాకి మీద, మిగతా సగం రాడార్ దగ్గర. మిసైల్‌ని మిసైల్‌తో కొట్టే యూనిట్‌లో ఒక్కరోజు కూడా లేను, అది ముందే ఒప్పుకుంటున్నా. కాని పైన పోయేదాన్ని కింద నిలబడి కొట్టడం ఎంత చిరాకు పనో నాకు తెలిసినట్టు మీ కలకత్తా గెస్టుకి తెలీదు, విశాఖ గెస్టుకి అసలు తెలీదు.

ఒడ్డు నుంచి మీరు చూసే ఉంటారు. విమానం వెళ్తుంటుంది, చాలా వెనకాల పొడుగాటి తాడుకి ఎర్ర గుడ్డ తోకలా వేలాడుతుంటుంది. మా టార్గెట్ అదే. గుళ్లు నాలుగేసి ఒక క్లిప్పులో వస్తాయి, ఒక్కో గుండు రెండు కిలోల పైమాటే. లోడరు ఆ క్లిప్పుల్ని ఆపకుండా పైనుంచి దింపుతూ ఉండాలి, ఎందుకంటే తుపాకి నిమిషానికి 300 చొప్పున మింగుతుంది. మే నెలలో అరచెయ్యి చెమటకి ఇత్తడి జారుతుంది. నా కుడిచేతి చూపుడు వేలి గోరు ఇప్పటికీ సగమే పెరుగుతుంది, అది అలా జారిన క్లిప్పు బహుమానం. ఎదురుగా సముద్రం మీద ఎండ తళతళ. ఇంత చేసి కొట్టేది ఏమిటి? సెకనుకి వంద మీటర్లు పోయే గుడ్డని. దాన్ని కూడా ప్రతిసారీ కొట్టలేదు.

ఇంకో సంగతి. ఆ గుడ్డ ఎటు నుంచి వస్తుంది, ఎంత ఎత్తులో వస్తుంది, ఎన్నింటికి వస్తుంది అన్నీ పొద్దున్నే బోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉండేవి.

ఇప్పుడు మన పైతీరానికి వెళ్దాం. 2024 జులై 24 సాయంత్రం 4:20కి ధామ్రా నుంచి శత్రువు వేషం కట్టిన క్షిపణి లేచింది. 4:24కి చాందీపూర్ నుంచి దాన్ని అడ్డుకునే మన ఏడీ-1 క్షిపణి లేచి దాన్ని అందుకుంది. 5000 కిలోమీటర్ల తరగతి క్షిపణుల్ని ఆపే సత్తా చూపించాం అని డీఆర్‌డీవో చెప్పింది. నేను దాన్ని తక్కువ చేయను. 2006 నవంబరు 27న దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తులో మొదటిసారి కొట్టారు, ఏడాది తిరిగాక 2007 డిసెంబరు 6న 15 కిలోమీటర్ల ఎత్తులో కొట్టారు. 2019 మార్చి 27న 280 కిలోమీటర్ల పైన తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే కూల్చారు. అన్నీ ఈ ఒడిశా గట్టు మీద నుంచే. ఆ వేగం మీకు ఎలా చెప్పను? గోపాలపూర్ నుంచి బరంపురం ఆటోలో అరగంట. 5000 కిలోమీటర్ల దూరం నుంచి దిగేది ఆ దూరాన్ని మూడు సెకన్లలో దాటేస్తుంది. గుడ్డని తప్పించిన చేతులతో చెప్తున్నా, దాన్ని తాకడమంటే గొప్పే.

అయితే అక్కడా బోర్డు ఉంది. సుద్దముక్కతో రాయరు గానీ, ఏది, ఎక్కడి నుంచి, ఏ రోజు అనేది తెలుసు. పరీక్ష అంటే అలాగే మొదలవ్వాలి, తప్పు లేదు. పరీక్ష పాసైంది కాబట్టి దేశమంతా నిద్రపోవచ్చు అంటే అక్కడే నాకు గొంతులో ముల్లు.

పశ్చిమాన ఒక చోట పోస్టింగ్‌లో ఉండగా జరిగింది చెప్తాను. రాత్రి రెండున్నర, అలర్ట్. నా రాడార్ తెర మీద అంతా సవ్యంగా ఉంది, ఉన్నట్టుండి చీకటి. జనరేటరు ఆగింది. డీజిల్ ఫిల్టర్లో నీళ్లు దిగాయి. చలికాలం డ్రమ్ము మూత సరిగ్గా బిగించనందుకు. ఫిల్టరు మార్చి, గాలి తీసి, మళ్లీ స్టార్ట్ చేసేసరికి పదకొండు నిమిషాలు. ఆ రాత్రి ఏమీ రాలేదు కాబట్టి అది మా మెస్‌లో జోకుగా మిగిలింది. మన పొరుగు నుంచి వచ్చే క్షిపణికి మొత్తం ప్రయాణమే పది నిమిషాల లోపు ఉండొచ్చు.

మాది మూత. అమెరికావాళ్లది గడియారం. 1991 ఫిబ్రవరి 25న సౌదీలో ధహ్రాన్ దగ్గర వచ్చే క్షిపణుల్ని కొట్టే పేట్రియట్ బ్యాటరీ ఉంది, ఇరాక్ స్కడ్ క్షిపణి వచ్చింది, బ్యాటరీ గుండు వదల్లేదు. 28 మంది అమెరికన్ సైనికులు బారక్‌లోనే పోయారు. తరవాత తేలింది ఏమిటంటే, కంప్యూటరు సెకనులో పదో వంతుని లెక్కబెట్టేటప్పుడు చివర కాస్త తెంపేస్తుంది. కాస్తే. కాని దాన్ని 100 గంటలు ఆపకుండా నడిపారు. ఆ కాస్తలన్నీ కలిసి 0.34 సెకను అయ్యాయి. ఆ లోపు స్కడ్ అర కిలోమీటరు పైగా జరిగిపోయింది, రాడార్ ఖాళీ ఆకాశంలో వెతికింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ అక్కడికి చేరింది మర్నాడు.

మీ చిన్నదాని ప్రశ్నకి వస్తాను. తుపాను షెల్టరుకీ దీనికీ తేడా ఇదీ: ఫైలిన్ మన షెల్టర్లు చూసి దారి మార్చుకోలేదు. గాలి ఇంకాస్త పెంచుకుని రాలేదు. మనం ఎంత కట్టుకుంటే అంత లాభం. శత్రువు అలా కాదు. మనం పది కొట్టగలం అని తెలిస్తే ఇరవై చేస్తాడు. 2017 జనవరి 24న పాకిస్తాన్ అబాబీల్ అనే క్షిపణిని పరీక్షించింది, ఒకే దాంట్లో ఒకటికి మించిన తలలు విడివిడిగా పోయేలాంటిది. ఎందుకు చేశారో వాళ్ల సైన్యం ప్రకటనలోనే చెప్పుకుంది, ఈ ప్రాంతంలో మిసైల్ రక్షణ పెరుగుతోంది కాబట్టి తమవి బతికి బయటపడాలని. మన గొడుగు చూసే వాళ్లు వాన పెంచుకున్నారు.

అలాగని వద్దంటానా? అనను. ఒక ఎయిర్‌బేస్, ఒక రేవు, ఢిల్లీలో నాలుగు భవనాలు. వాటి మీదికి రెండో మూడో వస్తే ఆపడానికి ఉండాలి. ఆ మాత్రానికి ఖర్చు పెట్టొచ్చు. తలుపుకి గడియ పెట్టుకోమంటాను, గడియ పెట్టాం కదా అని ఇంటి పైకప్పుకి హామీ ఇవ్వొద్దంటాను. గోపాలపూర్ ఆ తలుపు లోపల ఉందా అంటే, బాబూ, 15 కిలోమీటర్ల ఎత్తులో కొట్టే క్షిపణి తన చుట్టుపక్కల కొంత మేరే కాయగలదు. విశాఖలో పెడితే రెండున్నర వందల కిలోమీటర్ల ఇవతల ఉన్న మనకి దాని నీడ కూడా పడదు.

జవాబు: లెక్కల మాస్టారు, పర్లాకిమిడి

సుబేదారు గారు చెప్పినదానికి కొంచెం లెక్క జోడిస్తాను. ఒక చోట ఆయనతో పేచీ కూడా ఉంది.

ఒక్కో ఇంటర్‌సెప్టర్, అంటే ఎదురెళ్లి కొట్టే మన క్షిపణి, పదింట ఎనిమిది సార్లు తగులుతుంది అనుకుందాం. ఇది నా సొంత ఊహ, ఎవరి లెక్కా కాదు. ఒక్కో శత్రు క్షిపణి మీదికి రెండేసి వదిలితే, రెండూ తప్పే అవకాశం 0.2 × 0.2, అంటే నూటికి 4. వంద వస్తే నాలుగు లోపలికి. మామూలు బాంబులైతే నాలుగు పడ్డా ఓర్చుకుంటాం. అణుబాంబులైతే నాలుగంటే నాలుగు నగరాలు. కాబట్టి ‘96 శాతం విజయం’ అనే మాట ఒక యుద్ధంలో పండగ, ఇంకో యుద్ధంలో శ్మశానం. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ 300కి పైగా డ్రోన్లు, క్షిపణులు పంపితే ఇజ్రాయెల్, దాని మిత్రులు దాదాపు అన్నీ ఆపారు. అది నిజమైన విజయమే. అక్టోబరు 1న ఈసారి 200 దాకా బాలిస్టిక్ క్షిపణులే (చాలా ఎత్తుకి లేచి మహా వేగంగా దిగేవి) పంపితే కొన్ని నేవతిమ్ ఎయిర్‌బేస్‌లో పడ్డాయి. దేశం నడిచింది, ఎందుకంటే వాటి మూతిలో ఉన్నది మామూలు మందు.

ఇక పై లెక్కలో ఒక దొంగతనం ఉంది. 0.2ని 0.2తో గుణించాలంటే ఆ రెండు తప్పులూ ఒకదానికొకటి సంబంధం లేనివి కావాలి. సుబేదారు గారి గడియారం కథ చూడండి. గడియారమే తప్పైతే రెండోది కూడా అదే ఖాళీ ఆకాశంలోకే పోతుంది, పదోది కూడా. అప్పుడు నాలుగు శాతం కాదు, మొత్తం వందా లోపలికే. నా పదో తరగతి పిల్లలు ‘స్వతంత్ర ఘటనలు’ అని పుస్తకంలో చదివి వదిలేస్తారు, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వేషాల సంగతి కూడా ఉంది. బరంపురంలో చదువుకునే రోజుల్లో ఠాకురాణి యాత్రకి వెళ్లేవాళ్లం. రెండేళ్లకోసారి వస్తుంది, మొక్కున్నవాళ్లు పులి వేషాలు కడతారు. ఒకసారి మా పెద్దనాన్న కొడుకు పులి వేషం కట్టాడు. వాడికి మజ్జిగ ఇమ్మని నన్ను పంపారు. వీధిలో ముప్ఫై పులులు. ఒకటే పసుపు, ఒకటే చారలు, ఒకటే తోక. మూడు పులులకి మజ్జిగ పోశాక నా చెంబు ఖాళీ అయింది, మావాడు దొరకలేదు. దూరం నుంచి వచ్చే క్షిపణి మధ్యదారి అంతా గాలిలేని చోట సాగుతుంది. అక్కడ గాలి లేదు కాబట్టి ఇనుప తలా, ఊదిన పలచని బెలూనూ ఒకే వేగంతో పక్కపక్కనే పోతాయి. బరువేదో తేలికేదో గాలే చెప్పాలి, గాలి తగిలేది చివరి నిమిషంలో. ముందే కొట్టాలంటే అన్ని పులులకీ మజ్జిగ పోయాలి. ఇక్కడ బెలూను చవక, ఇంటర్‌సెప్టర్ ఖరీదు కోట్లలో.

దీని ఖర్చు ఎంత దాకా పోతుందో చూడాలంటే బ్రిటన్ కథ చాలు. సోవియట్లు మాస్కో చుట్టూ కొన్ని డజన్ల ఇంటర్‌సెప్టర్లు పెట్టారు. వాటిని ఏమార్చడానికి బ్రిటన్ తన పొలారిస్ క్షిపణులకి షెవలీన్ అనే మాయసామాను తగిలించుకుంది. 1980లో ఆ ఖర్చు 100 కోట్ల పౌండ్లని పార్లమెంటుకి బయటపెట్టారు. ఒకరి కవచానికి ఇంకొకరి జేబు చిల్లు. ఒక్కోసారి కవచం కట్టినవాడి జేబే చిల్లు. అమెరికా 1975లో ఉత్తర డకోటాలో సేఫ్‌గార్డ్ అనే కేంద్రం కట్టింది. అది పూర్తిగా సిద్ధమైన మర్నాడే వాళ్ల దిగువ సభ మూసెయ్యమని ఓటేసింది, కొన్ని నెలల్లో మూతపడింది. ఇప్పుడు గోల్డెన్ డోమ్ అంటున్నారు, 17,500 కోట్ల డాలర్లని 2025 మేలో ట్రంప్ చెప్పారు. అంతరిక్షంలో పెట్టే ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్లలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల డాలర్ల దాకా అవ్వొచ్చని వాళ్ల పార్లమెంటు బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది.

పేచీ ఎక్కడంటే, సుబేదారు గారు ‘రెండో మూడో’ అని వదిలేశారు. ఎదుటివాడు రెండో మూడో ఎందుకు పంపుతాడు? మొదలుపెట్టేవాడు తక్కువతో మొదలుపెడతాడా?

జవాబు: జయపురం వాడిని

కొరాపుట్ జిల్లా నుంచి. పైవాళ్లిద్దరూ ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చున్నట్టు మాట్లాడుతున్నారు, కొంచెం ఎండుపుల్ల వేస్తాను.

మనది ముందు కొట్టే దేశం కాదు. 2003 జనవరి 4న ప్రకటించిన అణు విధానంలోనే ఆ మాట ఉంది. ముందు వాడు కొట్టాలి, తర్వాత మనం. సరే, వాడి మొదటి దెబ్బకి ఢిల్లీలో తిరిగి కొట్టమని చెప్పాల్సిన మనిషే లేకపోతే? ఆ భయం లేకుండా చేస్తే చాలు. కవచం వంద శాతం ఉండక్కర్లేదు. ‘నేను కొట్టినా వాళ్ల తల మిగలొచ్చు’ అని వాడికి అనుమానం పుడితే చాలు, చెయ్యి ఆగుతుంది. మాస్టారి లెక్కలో ఆ అనుమానానికి విలువ కట్టారా?

రెండు: పొరపాటు. 2022 మార్చి 9న మన క్షిపణే ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. మందు లేదు కాబట్టి సరిపోయింది. రేపు అటు నుంచి అలాంటిది ఒకటి వస్తే? మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు అదే. ఒక్కటి పంపేది శత్రువు కాదండీ, పొరపాటు. ఆ ఒక్కదాన్ని ఆపగలిగితే ప్రభుత్వానికి ఫోన్ ఎత్తే టైం దొరుకుతుంది. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. రష్యా నుంచి కొనే ఐదు ఎస్-400 వాయు రక్షణ స్క్వాడ్రన్లకి 2018లో ఒప్పుకున్నది 543 కోట్ల డాలర్లు, అది కూడా చాలా ఏళ్ల మీద. ఇల్లు కాలితే బావి తవ్వుతారా?

జవాబు: రిటైర్డ్ గన్నర్, ఛత్రపురం

జయపురం తమ్ముడూ, నీ ఎండుపుల్ల బాగా అంటుకుంది. పొరపాటు మాటతో నూటికి నూరూ ఒప్పుకుంటున్నా, నేను దాని గురించి రాయాల్సింది. మాస్టారికి కూడా అదే నా జవాబు అనుకోండి.

ఢిల్లీ తల మాట కూడా సగం ఒప్పుకుంటా. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, నీ కవచం అవతలివాడికి ఇంకోలా కనిపిస్తుంది. ‘వీళ్లు ముందు కొట్టి, మా దగ్గర మిగిలిన నాలుగు వస్తే కవచంతో ఆపుకుందామని చూస్తున్నారు’ అనుకుంటాడు. మనకి ఆ ఉద్దేశం లేదని మనకి తెలుసు. వాడికి తెలీదు, తెలిసినా నమ్మడు. అప్పుడు గొడవ ముదిరితే ‘పోయేలోపే వాడేద్దాం’ అనిపిస్తుంది. 1986 అక్టోబరులో రేక్యవిక్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ కూర్చుని అణ్వాయుధాలన్నీ తీసేద్దామనే దాకా వెళ్లారు. చివర్లో ఎక్కడ తెగింది? అమెరికా అంతరిక్ష కవచాన్ని ప్రయోగశాల దాటనివ్వొద్దని గోర్బచేవ్, దాటిస్తానని రీగన్. ఇంకా కట్టని గొడుగు కోసం లేచి వెళ్లిపోయారు.

ఇంకో మాట, దీన్ని అందరూ కలిపేస్తున్నారు. 2025 మే 8 రాత్రి మన మీదికి వచ్చింది ఎక్కువగా డ్రోన్లు. 36 చోట్లకి 300 నుంచి 400 దాకా వచ్చాయని ప్రభుత్వమే చెప్పింది. వాటిని దించినవాళ్లలో మా ముసలి ఎల్-70 కూడా ఉంది. అరవైల్లో వచ్చిన తుపాకి! ఆ వార్త చూసిన రోజు మా ఆవిడ చేత రెండోసారి కాఫీ పెట్టించుకున్నా. అది వాయు రక్షణ. రోజూ అక్కరకొచ్చేది, తక్కువ ఖర్చుది, కొట్టినా తప్పినా మనం నేర్చుకునేది. బాలిస్టిక్ క్షిపణిని ఆపడం వేరే పని. మొదటిదాని మార్కులు రెండోదానికి వేసి టీవీలో చూపిస్తున్నారు. పైసలు పంచాల్సి వస్తే నేను ముందు మొదటిదానికే పోస్తాను. రాడార్లకి, తుపాకులకి, కుర్రాళ్లకి టైంకి అందే తిండికి, డీజిల్ ఫిల్టర్లకి.

జవాబు: సోనాపూర్ కుర్రోడు

నమస్తే అందరికీ. మాది బాహుదా మొగ దగ్గర, ఇచ్ఛాపురానికి కూతవేటు. వాడబలిజలం. ఇప్పుడు పారాదీప్‌లో బోటు మీద సేత్తన్నాను. నాకు లెక్కలు రావు గానీ ఒకటి సెప్తాను.

సుబేదారు తాతగోరు సెప్పిన ఆ 2024 జులై పరీచ్చ రోజు, చాందీపూర్ కాడ మూడున్నర కిలోమీటర్ల లోపున్న పది ఊళ్లోల్లని పొద్దున్నే ఎత్తేసి వేరే చోట పెట్టారు. పదివేల మందికి పైనే. రోజు కూలి కింద డబ్బులు కూడా ఇచ్చారు, అది మంచి పనే. సంద్రంలోకి ఎవుళ్లూ పోవొద్దని ముందే కబురొచ్చేత్తాది, మేం ఆ రోజు వలలు బాగుచేసుకుంటాం. మావోడు ఒకడు అన్నాడు, “ఒరే, మనల్ని కాసే మిసైలు ఎగరాలన్నా ముందు మనం లేచి పోవాల్రా” అని. అందరం నవ్వినాం గానీ తరవాత ఆలోచన పట్టుకుంది. నిజంగా వచ్చిన రోజు ఆ పది ఊళ్లకి బస్సులెవుడు తెత్తాడు? పైన కొట్టేసినా ముక్కలు కిందకే కదా పడాల, మరి ఎటు పడతాయి?

తాతగోరూ, దానికి ఏటి జవాబు?

జవాబు: రిటైర్డ్ గన్నర్, ఛత్రపురం

మంచిదే అడిగావు మనవడా. పడతాయి. ఎంత కింద కొడితే అంత దగ్గర్లో పడతాయి. మేం తుపాకి పేల్చినప్పుడు కూడా పైకెళ్లిన ఉక్కు అంతా తిరిగి కిందికే వస్తుంది, అందుకే సముద్రం వైపు తిప్పి పేలుస్తాం. ఊరి మీద కొట్టాల్సి వస్తే ముక్కలా, బాంబా అని ఎంచుకోవాలి, ముక్కలే నయం. అందుకని బయట నిలబడి పైకి చూడొద్దు, సెల్‌ఫోన్లో తీయొద్దు. పక్కా స్లాబు కింద, కిటికీకి దూరంగా, గోడ వారగా ఉండాలి.

లాడ్జీ బాబూ, మీ చిన్నదానికి ఇది చెప్పండి. ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు, మెట్ల కిందికి రా అని.

ప్రశ్న వేసినవాడు: గోపాలపూర్ లాడ్జీవాడు

అందరికీ పేరుపేరునా దండాలు. మాస్టారి పులుల కథ మా ఆవిడకి చదివి వినిపించాను, మూడు పులులకి మజ్జిగ దగ్గర పొలమారింది. జయపురం గారు చెప్పిన పొరపాటు సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు. నాకు అర్థమైంది, ఢిల్లీ తలుపుకి గడియ పెట్టమనే దాంట్లో మీలో ఎవరికీ గొడవ లేదు, గొడవంతా ‘దేశమంతా’ అనే మాట దగ్గర. కలకత్తాయన వెళ్లిపోయాడు. విశాఖవాళ్లలో ఒకాయన ఇంకా ఉన్నాడు, ఇది మొత్తం చూపిస్తే “మరి విశాఖకి పెడతారా పెట్టరా అది చెప్పండి” అన్నాడు. రాత్రి మళ్లీ కూర్చుంటాం అని బెదిరించాడు.

మెట్ల కింద సిలిండర్లు పెట్టాను సుబేదారు గారూ. రెండు నిండువి, ఒకటి ఖాళీ.

జవాబు: రిటైర్డ్ గన్నర్, ఛత్రపురం

అవి ముందు పెరట్లోకి తీయించండి బాబూ, ఇవాళే. మిసైల్ సంగతి తర్వాత. గురువారం ఫైరింగ్ ఉందని ఇక్కడ అనుకుంటున్నారు, గెస్టులకి ముందే చెప్పుకోండి.